ముందు పోస్టరు, తర్వాతే సినిమా

నరసన్నపేటలో, టెక్కలిలో, ఎచ్చెర్లలో చదువుకుంటూ మొదటి షార్ట్ ఫిల్మ్‌కి సిద్ధమవుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో ప్రతిదీ మీ సీనియర్లు చెప్పేదానికి ఎదురుగా ఉంటుంది. ఎడిటింగ్ అయ్యాక అందులోంచి మంచి స్టిల్ ఏరుకుని పోస్టరు చెయ్యమంటారు వాళ్లు. హీరో మొహం పెద్దగా వెయ్యమంటారు. ఫస్ట్ లుక్, సెకండ్ లుక్, మోషన్ పోస్టరు, టీజరు అంటూ వారానికొక కొత్త ముచ్చట వదలమంటారు. టైటిల్‌కి మంచి ఫాంటు డౌన్‌లోడ్ చేసుకోమంటారు. ఇవేవీ చెయ్యకండి. కథ కాగితం మీదకి రాకముందే పోస్టరు గియ్యండి. హీరో మొహం వెయ్యకండి. మొదటి రోజు ఏం వదిలారో చివరి రోజు దాకా అదే వదలండి. కెమెరా అద్దెలో కోత పెట్టయినా సరే, టైటిల్ అక్షరాలు చేత్తో రాయించండి.

ఎందుకంటే పెద్ద సినిమాని చూసి నేర్చుకున్న పద్ధతి మన దగ్గర పనిచెయ్యదు. అక్కడ స్టారు మొహమే గుర్తు. చిరంజీవి మొహం ఉన్నాక టైటిల్ ఈ వారం ఎర్రగా ఉన్నా, వచ్చేవారం బంగారు రంగులో ఉన్నా, గోడమీద ఒక ఫొటో, పేపర్లో ఇంకో ఫొటో పడినా, అది ఏ సినిమాయో చూసినవాడికి తెలిసిపోతుంది. చెల్లాచెదురుగా ఉన్నవాటన్నిటినీ ఆ మొహమే కలిపి పట్టుకుంటుంది. మీ హీరో బీకాం రెండో సంవత్సరం కుర్రాడు. వాడి మొహం వాళ్ల వీధిలో తెలుసు, క్లాసులో తెలుసు. శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు దిగినవాడికి వాడెవడో తెలీదు. పెద్ద సినిమా పోస్టర్లోంచి అన్నీ తెచ్చుకున్నాం, వాటిని కలిపి ఉంచే ఆ ఒక్కటీ మాత్రం మన దగ్గర లేదు. అందుకని మనవాళ్ల పోస్టరు, టీజరు, యూట్యూబ్ బొమ్మ, ఆహ్వానపత్రం నాలుగు వేరే వేరే సినిమాల్లా కనిపిస్తాయి.

ఇది ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. పోస్టరు ఒక స్నేహితుడు ఫోన్లో చేస్తాడు. టీజర్లో టైటిల్‌ని ఎడిటింగ్ చేసేవాడు తన సాఫ్ట్‌వేర్‌లో ఏ అక్షరం వస్తే ఆ అక్షరంతో వేసేస్తాడు. ఫ్లెక్సీ షాపులో డీటీపీ చేసే అన్నయ్య మీ ఫాంటు తన దగ్గర లేదని అను ఫాంట్స్‌లో మళ్లీ టైపు చేస్తాడు. ఆ తొందరలో ఒక ఒత్తు ఎగిరిపోతుంది. ఆహ్వానపత్రం అమ్మాయిల బ్యాచ్ చేస్తుంది, వాళ్లకి పోస్టరు రంగు నచ్చలేదు కాబట్టి వాళ్ల రంగు వాళ్లు వేసుకుంటారు. ఇందులో ఎవరిదీ తప్పు కాదు. అందరూ కష్టపడ్డారు. ఏది మారకూడదో ముందే ఎవరూ తేల్చలేదు, అంతే.

ఏది మారకూడదో తేల్చుకోవడానికే కథకన్నా ముందు పోస్టరు గియ్యమంటున్నాను. నోట్‌బుక్కులో పెన్సిలుతో చాలు. అందులో మూడే ఉండాలి: ఒక వస్తువు, ఒక రంగు, చేత్తో రాసిన పేరు.

మాటవరసకి పొందూరులో నూలు వడికే ఒక మామ్మ మీద సినిమా తీద్దామనుకున్నారనుకోండి. సీనియర్ని అడిగితే రాట్నం వెయ్యమంటాడు. వద్దు. రాట్నం ప్రతి ఖాదీ దుకాణం బోర్డు మీదా ఉంది, గాంధీగారి ప్రతి క్యాలెండరు మీదా ఉంది. అది కనిపిస్తే జనం ఖాదీ అనుకుంటారు, మీ సినిమా అనుకోరు. పొందూరులో ఇంకో వస్తువుంది. కొండపత్తిని, పునాస పత్తిని దువ్వడానికి అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడని వాడతారు. చేతిలో ఇమిడే వంపు, దాని నిండా సన్నని పళ్లు. ఆ దవడని తెల్ల కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీత గీయండి. దేశంలో ఇంకే సినిమాకీ లేని గుర్తు మీకు దొరికినట్టే. చూసినవాడు ముందు ఇదేటో అనుకుంటాడు. అనుకోనివ్వండి. పోస్టరు మీద చూశాడు, టీజరు మొదట్లో చూశాడు, మూడోసారి ఆహ్వానపత్రం మీద చూసేసరికి, అదేమిటో తెలియకపోయినా, అది మీదేనని తెలుస్తుంది. అదేమిటో సినిమాలో చెప్పండి.

ఈ గీత ముందే ఉంటే షూటింగే మారుతుంది. కెమెరా పట్టుకున్నవాడు దవడ కనిపించే షాట్లు వెతుకుతాడు. మామ్మ చీర ఏ రంగులో ఉండాలో, వెనక గోడకి ఏ రంగు ఉండకూడదో ఆ రోజే తెలుస్తుంది. పోస్టరు చివర్లో చేసేవాళ్లకి ఇదేదీ చేతిలో ఉండదు. ఫ్రేములన్నీ కథకోసం తీసినవి. వాటిలో గోడమీద నిలబడేది ఒక్కటి దొరికినా అదృష్టమే.

ఒక్క వస్తువుతో సినిమాని అమ్మొచ్చా అని అనుమానించేవాళ్లకి సాల్ బాస్‌ని చూపించండి. 1955లో ఓటో ప్రెమింజర్ తీసిన 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్' మత్తుమందుకి బానిసైన మనిషి కథ. హీరో ఫ్రాంక్ సినాట్రా, అప్పటికే పెద్ద స్టారు. అయినా బాస్ గుర్తుగా ఎంచుకున్నది ఆ మొహాన్ని కాదు, కాగితం కత్తిరించినట్టున్న వంకర చెయ్యిని. పోస్టర్లోనూ ఆ చెయ్యే, పేపరు ప్రకటనలోనూ ఆ చెయ్యే, తెరమీద పేర్లు పడేటప్పుడూ ఆ చెయ్యే. స్టారున్న సినిమాకే వస్తువు సరిపోతే, స్టారు లేని మీకు అదొక్కటే దారి.

మన దగ్గర ఆ పట్టుదల బాపుకి ఉండేది. బొమ్మలు వేసేవాడు దర్శకుడయ్యాడు కాబట్టి సినిమా, దాని పేరు, దాని ప్రకటన ఒకే చేతి గీతలా ఉండేవి. పులిదిండిలో తీసిన ఆయన మొదటి సినిమా 'సాక్షి' 1967లో వచ్చింది. పబ్లిసిటీ డిజైనర్ ఈశ్వర్ ప్రయాణం మొదలైందీ ఆ సినిమాతోనే. తర్వాత ఆయన వేల సినిమాలకి పోస్టర్లు వేశారు, 'సినిమా పోస్టర్' అని పుస్తకం కూడా రాశారు, 2021లో వెళ్లిపోయారు. ఆ తరం పోస్టర్లని ఫోన్లో వెతికి చూసేటప్పుడు మొహాలని వేలితో మూసి, పేర్లు మాత్రం చూడండి. ఒక్కో పేరుదీ ఒక్కో నడక. ఏదీ ఫాంటు కాదు, ఆ సినిమాకోసమే కుంచెతో రాసింది. అటు సత్యజిత్ రాయ్ కూడా డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో పనిచేసి సినిమాకి వచ్చినవాడు. తన సినిమాల పోస్టర్లూ, తెరమీద పేర్లూ తనే గీసుకున్నాడు, అచ్చుకోసం ఇంగ్లీషు అక్షరాలు కూడా తయారుచేశాడు. డబ్బులేక కాదు. అక్షరం వేరేవాడి చేతికిస్తే సినిమా వేరేదైపోతుందని వీళ్లకి తెలుసు.

అందుకే చెబుతున్నాను, లెన్సు అద్దెకి దాచిన డబ్బులో కొంత తీసి పెయింటరుకివ్వండి. ఫ్లెక్సీలొచ్చి వాళ్ల పని పోగొట్టాయిగానీ మనుషులింకా ఉన్నారు. పాత దుకాణాల బోర్డుల కింద, లారీల వెనక, ఎన్నికల గోడరాతల చివర సంతకాలు వెతికి పట్టుకోండి. కథ చెప్పండి. చెప్పి, పేరుని రకరకాలుగా, వీలైనన్నిసార్లు రాయించండి. ఒక్కటి ఎంచుకుని మిగతావి దాచెయ్యండి. ఎంచుకున్నదాన్ని చెట్టునీడలో ఎదురుగా నిలబడి ఫొటో తీసినా సరే, జిరాక్సు షాపులో స్కాన్ చేయించినా సరే. తర్వాత కోరల్‌డ్రా తెలిసినవాళ్లతో ట్రేస్ చేయించండి. అప్పుడది అగ్గిపెట్టంత చేసినా గోడంత చేసినా అంచు చెదరదు. ఆ రోజు నుంచి మీ సినిమా పేరు ఒక బొమ్మ. దాన్ని ఎవరూ, ఎక్కడా, ఏ కారణంతోనూ టైపు చెయ్యకూడదు. వాట్సాప్‌లో మాటవరసకి రాసుకోవడం వేరు, బయటికి వెళ్లేదేదైనా ఆ బొమ్మతోనే వెళ్లాలి. సినిమా మొదట్లో తెరమీద పడే పేరు కూడా.

పెయింటరు దగ్గరికి వెళ్లేముందు ఒకసారి శ్రీకాకుళం వెళ్లి కథానిలయంలో కూచోండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథలకోసం కట్టిన ఇల్లది. అందరూ అక్కడికి కథలు చదవడానికి వెళతారు. మీరు కథల మీదున్న పేర్లు చూడ్డానికి వెళ్లండి. పాత వారపత్రికల్లో, మాసపత్రికల్లో చాలా కథలకి శీర్షికని ఎవరో ఒక ఆర్టిస్టు చేత్తో రాసేవాడు. భయం కథకి వణికే అక్షరం, పెళ్లి కథకి పూల అక్షరం ఉండేవి. తెలుగు అక్షరం ఎన్ని రకాలుగా వంగుతుందో అక్కడ పేజీ పేజీకీ కనిపిస్తుంది. పింటరెస్ట్‌లో అది దొరకదు. అక్కడ దొరికేవి ఇంగ్లీషు అక్షరానికి పుట్టిన లేఅవుట్లు, వాటిలో తెలుగుని కుక్కితే ఊపిరాడదు.

ఊపిరాడదన్నది ఊరికే అన్న మాట కాదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఎంత ఎత్తుందో చూడండి. ఇంగ్లీషు టెంప్లేట్లలో వరసకీ వరసకీ మధ్య జాగా ఆ భాషకి సరిపోయేంతే ఉంటుంది. అక్కడ తెలుగు పెడితే పైవరస ఒత్తు కిందవరస తలకట్టు మీద కూచుంటుంది. అందుకని పేరు రెండు వరసల్లో ఉంటే జాగా మీరే పెంచాలి. అక్షరం చుట్టూ లావుపాటి అంచు వేస్తే 'ఘ', 'ష', 'ఋ' లోపలున్న ఖాళీలు పూడిపోయి దూరం నుంచి నల్లటి ముద్దలౌతాయి. అంచు వెయ్యకండి. పాత ఫోటోషాప్‌లో తెలుగు విరిగిపోయి ఒత్తులు పక్కకి వస్తుంటే తప్పు ఫాంటుది కాదు, టెక్స్ట్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ అన్నది ఎంచుకోండి. డీటీపీ షాపుకి మాత్రం టైపు చేసిన మాట ఎప్పుడూ పంపొద్దు. చాలాచోట్ల పాత అను ఫాంట్స్ యూనికోడ్‌వి కావు, మీ వాట్సాప్ తెలుగు అందులోకి అలాగే వెళ్లదు, వాళ్లు మళ్లీ టైపు చెయ్యాల్సిందే. పూర్తయిన పీడీఎఫ్ ఇచ్చి, అచ్చు వేస్తే చాలని చెప్పండి.

నటుల పేర్లు, తేదీ, చోటు, ఇలాంటి చిన్న అక్షరాలకి ఒకే ఒక్క ఫాంటు పెట్టుకోండి. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటిలో 'గిడుగు' అని కూడా ఒకటుంది. ఆ పేరు గిడుగు రామమూర్తిగారిది. ఆయన పుట్టింది మన పక్కనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. ఆ అభిమానంతో దాన్నే పెట్టాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ అది పెద్ద శీర్షికలకోసం గీసిన అక్షరం. చిన్న అక్షరానికి అదే వరసలోని 'మండలి' చదవడానికి హాయిగా ఉంటుంది. మండలి తీసుకోండి, చివరిదాకా మార్చకండి.

రంగు విషయంలో కూడా తిరగేసి చెయ్యండి. అందరూ ఫోన్లో రంగు ఎంచుకుని తర్వాత అచ్చు వేయిస్తారు. ఫోన్లో మెరిసే ఆకుపచ్చ, నీలం కాగితం మీదకొచ్చేసరికి చచ్చిపోతాయి. తెర వెలుగుతో రంగు పుట్టిస్తుంది, అచ్చు సిరాతో పుట్టిస్తుంది. తెర చూపించగలిగినవన్నీ సిరాకి చేతకావు. ముందు డిజిటల్ ప్రింటు షాపులో ఒకే షీటు మీద మీ రంగుకి దగ్గరగా ఉన్న గళ్లు వరసగా వేయించండి. మధ్యాహ్నం ఎండలో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూడండి. కాగితం మీద గెలిచిన రంగు కోడ్‌నే ఫోన్లోకి తీసుకెళ్లండి. అదొక్కటి, నలుపు, కాగితం తెలుపు, అంతకుమించి వద్దు. పొందూరు సినిమాకైతే ఆ తెలుపు కూడా మిలమిల్లాడే తెలుపు కాకుండా, ఉతకని ఖాదీ తెలుపు కావాలి.

తర్వాత పోస్టరుని రూపాయి రెండు రూపాయల జిరాక్సు తీయించండి. ఎదురింటి గోడకి అంటించి రోడ్డుకి ఇవతల నిలబడి చూడండి. రంగు పోయింది, నీడలు పోయాయి, నున్నదనం పోయింది. అప్పుడు కూడా దవడ దవడలా, పేరు పేరులా కనిపిస్తే మీ గుర్తు నిలబడింది. బూడిదరంగు ముద్ద కనిపిస్తే ఎంత అందమైన పోస్టరైనా పక్కన పెట్టెయ్యండి. దాని మీద జాలి పడొద్దు. ఎందుకంటే మీ పోస్టరుని ఎక్కువమంది చూసేది ఎండపడ్డ ఫోన్లో, బొటనవేలి గోరంత సైజులో.

ఫ్లెక్సీ వెయ్యకండి. 2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీలని నిషేధిస్తున్నామని ప్రకటించారు. అయినా ప్రతి సెంటర్లోనూ పుట్టినరోజు ఫ్లెక్సీలు ఒకదాని మీద ఒకటి వేలాడుతూనే ఉన్నాయి. వాటి మధ్య మీదొకటి కడితే ఎవరికీ కనిపించదు. తెల్ల గుడ్డ కొనండి. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద దవడనీ, పేరునీ గీసి బ్లేడుతో కోస్తే స్టెన్సిల్ తయారవుతుంది. 'ఠ' లాంటి అక్షరాల లోపలి భాగం ఊడి పడిపోకుండా సన్నని వంతెనలు వదలాలి, అది పెయింటరుకి తెలుసు. ఆ స్టెన్సిల్‌తో గుడ్డ మీద, టీషర్టు మీద, క్లాప్ బోర్డు మీద, అట్టపెట్టె మీద, ఆహ్వానపత్రం కవరు మీద రంగు అద్దండి. స్టెన్సిల్‌కి సొంత అభిరుచి ఉండదు. ఎవరు అద్దినా అదే గీత వస్తుంది. డిజైన్ నియమాలు పేజీల కొద్దీ రాసి గ్రూపులో పెడితే ఎవరూ చదవరు, ఎక్స్‌రే ముక్క చేతికిస్తే అందరూ పాటిస్తారు. గోడమీద అద్దాలనుకుంటే మాత్రం ఇంటివాళ్లని అడిగి అద్దండి. బహిరంగ స్థలాలని పాడుచెయ్యకూడదని మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టముంది, అదీకాక అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

ఫోన్ సైజుల గురించి ఎక్కువ చెప్పను. ఇన్‌స్టాగ్రామ్‌కి నిలువు బొమ్మ, యూట్యూబ్‌కి 1280, 720 కొలతల అడ్డ బొమ్మ, వాట్సాప్ డీపీకి గుండ్రం. యూట్యూబ్ బొమ్మలో కుడివైపు కిందమూల నిడివి అంకె పడుతుంది, అక్కడ పేరు పెట్టకండి. గుండ్రంలో దవడ ఒక్కటే పెట్టండి, పేరు వద్దు. బొమ్మలని వాట్సాప్‌లో ఫొటోలా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌లా పంపండి.

ఊరి పేరు దాచకండి. ఇక్కడ సీనియర్లతో నాకు గట్టి తగవుంది. ఊరి పేరు పెడితే లోకల్ సినిమా అనుకుంటారని వాళ్ల భయం. 2018లో వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' విశాఖలోని ఒక పేట పేరుని నెత్తిన పెట్టుకుని వచ్చింది. అందులో నటించినవాళ్లలో ఎనభైమందికి పైగా ఆ పేటవాళ్లే, ఒక్కరిదీ తెలిసిన మొహం కాదు. 2020లో కరుణకుమార్ 'పలాస 1978' అని మన జిల్లా ఊరినీ ఒక సంవత్సరాన్నీ కలిపి పేరు పెట్టాడు. తెలిసిన మొహం లేనిచోట ఊరే మొహం. మీ ప్రతి పోస్టరు మీదా, డీపీ గుండ్రం తప్ప ప్రతి బొమ్మ మీదా ఒకే మూల, ఒకే సైజులో మీ ఊరి పేరు ఉండాలి. మన యాస తెరమీద వినిపిస్తున్నప్పుడు మన ఊరు కాగితం మీద కనిపించడానికి సిగ్గెందుకు?

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైనది. ఇదంతా కాపాడే పని బాగా బొమ్మలేసేవాడికి ఇవ్వకండి. వాడికి రోజుకో కొత్త ఆలోచన వస్తుంది, ప్రతిదీ ముందుదానికన్నా బాగుంటుంది, రెండు వారాలకి మీ గుర్తు గల్లంతవుతుంది. గ్రూపులో మొండిగా ఉండేవాళ్లు ఒకరుంటారు, లెక్కలు రాసేవాళ్లో, కాల్‌షీట్లు చూసేవాళ్లో. ఆ అమ్మాయికివ్వండి, ఆ అబ్బాయికివ్వండి. ఫైళ్లన్నీ వాళ్ల దగ్గరే ఉండాలి. వాళ్లు చూసి సరేననకుండా ఒక్క బొమ్మ కూడా బయటికి వెళ్లకూడదు. దర్శకుడు అడిగినా కాదనే అధికారం వాళ్లకి ముందే రాసివ్వండి. షూటింగు చివరి వారంలో ఎవరో ఒకరు అద్భుతమైన స్టిల్ పట్టుకొస్తారు: వంశధార మీద సూర్యాస్తమయం, హీరో వెనక్కి తిరిగి చూడటం. పోస్టరు ఇదే పెడదాంరా, దవడెవుడికి కావాల్రా అని గ్రూపంతా అరుస్తుంది. అప్పుడు ఆ మొండిమనిషి వద్దనాలి. స్టిల్ ఎంత బాగుంటే అంత గట్టిగా వద్దనాలి. అంత అందమైనది ఒకసారి బయటికి వెళ్లిందంటే, అప్పటిదాకా జనం కళ్లకి అలవాటు చేసిన గుర్తు చెరిగిపోతుంది. ఆ స్టిల్‌ని సినిమాలో చూస్తారు.

జనం పట్టించుకోవట్లేదని మధ్యలో మార్చాలనిపిస్తుంది. మీకు విసుగు పుట్టేనాటికి మీ గ్రూపు దాన్ని వందలసార్లు చూసుంటుంది, బయటివాడు ఒకసారి చూసుంటాడు, అదీ బస్సు కిటికీలోంచి. అవార్డుల ఆకులు, అతిథుల ఫొటోలు, స్పాన్సరు దుకాణాల బొమ్మలు పోస్టరు మీదకి రానివ్వకండి. స్పాన్సర్ల పేర్లు వెనకపక్క మండలి ఫాంటులో వరసగా వెయ్యండి, వాళ్లకి ముందే చెప్పి ఒప్పించండి. సినిమా ఆడకపోయినా గుర్తు మార్చకండి, మరో పోస్టరుతో మళ్లీ వదలకండి.

చివరికి స్క్రీనింగు రోజు. హాలు గుమ్మానికి కట్టే గుడ్డ, టికెట్టు, తెరమీద పేరు, అయిపోయాక యూట్యూబ్‌లో పెట్టే బొమ్మ, అన్నీ ఆ ఒక్క ఎక్స్‌రే ముక్కలోంచీ, ఆ ఒక్క స్కాన్‌లోంచే రావాలి. తెరమీద పేర్లు వేసేటప్పుడు పెయింటరు పేరు మరిచిపోకండి, పక్కన ఆయన ఊరు కూడా వెయ్యండి. దర్శకుడి పేరు ఏ సైజులో ఉందో అదే సైజులో వెయ్యండి. ఇంటిల్లిపాదినీ తీసుకుని రమ్మని ఆయనకి ముందురోజే వెళ్లి చెప్పిరండి.